పెద్దమ్మ పాడటం లేదు

3వ తేదీ, సోమవారం

ఈ డైరీ మా ఆవిడ కొనిచ్చింది. "నా మీద అరిచేదేదో ఇందులో అరుచుకోండి, నాకు కాస్త విశ్రాంతి" అంది. సరే, అరుస్తున్నాను.

ఇంజెక్టర్ పాడటం లేదు!

ఇన్నేళ్ల తర్వాత ఇవాళ మా పాత స్టీమ్ ఇంజన్ పెద్దమ్మ కడుపులో నిప్పు పడింది. పొద్దున్నే కట్టెలు పేర్చి, నూనె గుడ్డలు వేసి, మెల్లమెల్లగా కాక ఎక్కించాం. ముసలి ఇంజన్‌ను తొందరపెట్టకూడదు. తొందరపెడితే బాయిలర్ రేకులు ఒకటి ముందు, ఒకటి వెనక సాగి ఎక్కడో ఒకచోట కారడం మొదలవుతుంది. సాయంత్రానికి స్టీమ్ చాలినంత వచ్చింది. షెడ్డు తలుపు దగ్గర నిలబడి, దాన్ని బాగుచేయిస్తున్న కమిటీ వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. నేను కుడివైపు ఇంజెక్టర్ తెరిచాను. ముందు నీళ్లు, తర్వాత స్టీమ్. చెవి ఒగ్గి నిలబడ్డాను. ఏమీ లేదు.

కమిటీ సెక్రటరీ వచ్చి "ఏమైందండీ?" అన్నాడు. ఎండైనా, వానైనా, ఆఖరికి షెడ్డు లోపలైనా చేతిలో గొడుగు వదలడు కాబట్టి నా లెక్కలో ఆయన పేరు గొడుగు.

"వెనక టెండర్ తొట్టిలో ఉన్న నీళ్లని బాయిలర్లోకి తోసేది ఇంజెక్టర్. సరిగ్గా పట్టుకుంటే సన్నగా పాడుతుంది. ఈల కన్నా సన్నగా. ఆ పాట వినబడుతుంటే నీళ్లు వెళ్తున్నట్టు. పాట ఆగితే నీళ్లు ఆగినట్టు. నీళ్లు లేని బాయిలర్ ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?" అన్నాను.

"కానీ గ్లాసులో నీళ్లు పెరుగుతున్నాయి కదండీ" అన్నాడు.

గ్లాసట! బాయిలర్లో నీటిమట్టం చూపించే ఆ గాజు గొట్టం చెప్పేది నిన్నటి పేపరు. పాట చెప్పేది ఇప్పుడు, ఈ నిమిషం జరుగుతున్నది. గొడుగు పట్టుకుని తిరిగే మనిషికి ఇది ఎలా ఎక్కుతుంది?

తప్పు కోన్‌లలో ఉంది. ఇంజెక్టర్ లోపల ఉండే ఆ ఇత్తడి గరాటాలు కొత్తగా చేయించాం. చేసింది మా అల్లుడు.

5వ తేదీ, బుధవారం

ఇంజెక్టర్ విప్పాను. కోన్‌లు తీసి అల్లుడి లేత్ షాపుకి పట్టుకెళ్లాను. అతను గేజీలు తెచ్చి, భూతద్దం పెట్టుకుని, ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి కొలిచాడు. ఆ మనిషికి నోట్లో నాలుక ఉందా అని పెళ్లిచూపుల నాడే అనుమానపడ్డాను.

"కొలత సరిగ్గానే ఉంది మామయ్యా" అన్నాడు చివరికి.

"సరిగ్గా ఉంటే ఎందుకు పాడటం లేదు?"

"నాకు... పాడుతున్నట్టే..." అని ఏదో గొణిగాడు. ఈ కాలంలో ఒక్కడూ నోరు తెరిచి మాట్లాడడు. పళ్లు కొరుకుతూ మాట్లాడతారు.

మళ్లీ బిగించి స్టీమ్ పెట్టాం. మా బావమరిదిని పక్కన నిలబెట్టుకున్నాను. వాడు నా దగ్గర ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు వెయ్యడం నేర్చుకుని, కృతజ్ఞతగా వాళ్లక్కను నాకు అంటగట్టిన మనిషి. చేతిలో పార పట్టుకుని తల పక్కకు వంచి విన్నాడు.

"ఏంరా, పాడుతోందా?"

వాడు నా మొహం కేసి చూశాడు. "లేదు బావా. ఎక్కడ పాడుతోంది?" అన్నాడు.

విన్నారా! ఇంజన్ మీదే పుట్టి పెరిగిన ఇద్దరం విన్నాం. ఇద్దరికీ వినబడలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి ఈ కమిటీకి?

6వ తేదీ, గురువారం

అన్నం మాడింది. మూడు విజిల్స్ వస్తే స్టవ్ ఆపమని నాకు చెప్పి మా ఆవిడ వీధిలోకి వెళ్లిందట. కుక్కర్ ఒక్క విజిల్ కూడా వెయ్యలేదు, నేను పక్క గదిలోనే ఉన్నాను. వాషర్ పోయి ఉంటుంది. కొత్త వాషర్ తెచ్చి వేశాను. థాంక్స్ చెప్పకపోగా మొహం మాడ్చుకుంది.

9వ తేదీ, ఆదివారం

షెడ్డుకి సెలవు. ఇంట్లో కూర్చుంటే ఒళ్లు మండిపోతోంది.

పెద్దమ్మను మొదటిసారి ఎక్కినప్పుడు అది కొత్తది, నేనూ కొత్తవాణ్ణే. మీసం కూడా సరిగ్గా రాలేదు. ప్యాసింజర్ లాగింది. తర్వాత గూడ్సు లాగింది. కొండ ఎక్కేటప్పుడు వెనకనుంచి తోసే పని కూడా చేసింది, ఆ పని ఎంత మోటుదో చేసినవాళ్లకే తెలుసు. డీజిల్ వచ్చాక యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే పని ఇచ్చారు. ఇంటి పెద్దకోడలి చేత గిన్నెలు తోమించినట్టు. ఆ తర్వాత రాతి క్వారీకి ఇచ్చేశారు. క్వారీ మూతపడ్డాక అక్కడే పక్కలైను మీద వదిలేశారు. డ్రైవరుండే క్యాబ్‌లోకి తీగలు పాకాయి. ఫైర్‌బాక్స్‌లో కుక్క పిల్లల్ని పెట్టింది. తుక్కు వ్యాపారి వచ్చి ఎక్కడెక్కడ కొయ్యాలో సుద్దతో గీతలు కూడా గీసుకున్నాడు.

అప్పుడు ఈ గొడుగే, మరి నిజం చెప్పుకోవాలి కదా, ఊళ్లో ప్రతి గడపా తొక్కి దాన్ని కాపాడాడు. నన్ను వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. వెళ్లి చూశాను. స్టీమ్ వదిలి బండిని కదిలించే రెగ్యులేటర్ పిడి మీద నా అరచెయ్యి అరగదీసిన చోటు అలాగే ఉంది. తుప్పు కూడా దాన్ని ముట్టుకోలేదు. మా బావమరిది పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు, దుమ్ము అన్నాడు.

ఇప్పుడు సంగతేమిటంటే, ఈ నెలాఖరుకి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. రెండు ఇంజెక్టర్లూ పని చేస్తున్నాయని ఆయన ఎదుట చూపించాలి. పాసైతే పెద్దమ్మ పట్టాల మీద నడుస్తుంది, మొదటి పరుగు తోలేది నేను. కాకపోతే స్టేషన్ ముందు కట్టిన సిమెంటు దిమ్మె ఎక్కిస్తారు. ఆ దిమ్మె ఇప్పటికే ఆరిపోయింది. కమిటీలో సగం మందికి అదే ఇష్టం. చక్రాలు కదలకుండా వెల్డింగ్ చేసి, పొగగొట్టంలో మట్టి పోసి, పూలమొక్క నాటుతారట. పూలమొక్క! నా బొందిలో ప్రాణం ఉండగా నాటమనండి చూద్దాం.

11వ తేదీ, మంగళవారం

కుడిదాన్ని మళ్లీ విప్పాను. కడిగాను. బిగించాను. పాడలేదు.

విసుగొచ్చి ఎడమవైపు ఇంజెక్టర్ తెరిచాను. అదీ పాడలేదు. రెండూ ఒకేసారి ఒకేలా ఎలా చెడిపోతాయి? ఎందుకు చెడిపోవు, రెండింటి కోన్‌లూ చేసింది ఒకే చెయ్యి.

కరెంటు బండ్లు తోలే డ్రైవరమ్మ ఒకావిడ తన సెలవు రోజుల్లో వచ్చి స్టీమ్ పని నేర్చుకుంటోంది. బుర్ర ఉంది, ఒప్పుకోవాలి. "సార్, ఇది పని చేస్తోంది కదా?" అంది. "అమ్మా, నువ్వు బటన్లు నొక్కే బండ్ల మీద పెరిగావు. ఇది వేరు" అన్నాను. తర్వాత పాపం అనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు.

చెవి పరీక్ష, కంటి పరీక్ష కాగితం తెమ్మని గొడుగు మళ్లీ అడిగాడు. ఇంజన్ తోలేవాడికి అది తప్పనిసరట. నాకు తీరిక ఎక్కడిది?

12వ తేదీ, బుధవారం

కాలింగ్ బెల్ కూడా చచ్చింది. పాలవాడు తిట్టుకుంటూ వెళ్లాడట. కొత్త బెల్ కొన్నాను. అదీ చెత్తదే.

15వ తేదీ, శనివారం

అల్లుడితో గొడవైంది. గొడవంటే అరిచింది నేనొక్కణ్ణే.

అందరి ముందూ అన్నాను. "నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు బాబూ, ఇంకో షాపుకి ఇస్తాం. పెద్దమ్మ ప్రాణం మీదికి తేకు" అన్నాను. అతను కోన్‌లు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, "మళ్లీ చేసిస్తాను మామయ్యా" అన్నాడు. అంతే. ఎదురు తిరిగి ఒక్క మాటన్నా నాకు ఇంత మండేది కాదు. గొడుగు అక్కడే ఉన్నాడు. చక్రాల ఇరుసుల ఇత్తడి పని కూడా అల్లుడికే ఇద్దామనుకున్నవాడు, ఇప్పుడు వేరే వాళ్లని చూస్తానన్నాడు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. నేనెత్తలేదు, అసలు మోగనే లేదు. వాళ్లమ్మకు చేసిందట. "నాన్నతో మాట్లాడనని చెప్పు" అని చెప్పిందట. అది చెప్పడానికి మళ్లీ ఒక ఫోను!

"మీకు చెవుడు వచ్చిందేమో ఒకసారి చూపించుకోండి" అని మా ఆవిడ నెమ్మదిగా అంది. నెమ్మదిగా అన్నా నాకు వినబడింది కదా! వీధి చివర లారీ మలుపు తిరిగితే ఇక్కడ నాకు తెలుస్తుంది. పై ఇంటివాళ్లు మంచం జరిపితే తెలుస్తుంది. నాకు చెవుడా?

17వ తేదీ, సోమవారం

కొత్త కోన్‌లు వేశాం. పాడలేదు.

మధ్యాహ్నం అమ్మాయి షెడ్డుకొచ్చింది. పోట్లాటకే వచ్చిందని నడకలోనే తెలిసింది. చిన్నప్పుడు కూడా అంతే, కోపమొస్తే కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంది. ఇంజన్ పక్కకు వచ్చి నిలబడింది. నేను పైన క్యాబ్‌లో కుడి ఇంజెక్టర్ తెరిచి, చెవి చేత్తో ఒగ్గి కూర్చుని ఉన్నాను.

దాని మొహం ఉన్నట్టుండి మారిపోయింది. కోపం ఏమైపోయిందో తెలీదు. కళ్లు మూసుకుంది.

"నాన్నా, ఎన్నాళ్లయింది ఈ శబ్దం విని" అంది.

"ఏ శబ్దం?"

"అదే నాన్నా. చిన్నప్పుడు మన ఇంటి గేటు పట్టుకుని నిలబడితే ముందు ఇది వినబడేది. ఇంజన్ ఇంకా కనబడేది కాదు. అమ్మా నాన్నొచ్చేస్తున్నాడు, అన్నం పెట్టెయ్ అని అరిచేదాన్ని. నీకు గుర్తులేదూ? ఇప్పుడూ అలాగే పాడుతోందిగా."

నేను దాని మొహం చూశాను. నవ్వులాటకు అంటోందేమో అని. అది కళ్లు మూసుకునే ఉంది.

స్టీమ్ కట్టేశాను. "ఆపేశావేం?" అంది కళ్లు తెరిచి.

18వ తేదీ, మంగళవారం

అమ్మాయికి ఏదో భ్రమ. షెడ్డులో ఎన్నో శబ్దాలుంటాయి.

20వ తేదీ, గురువారం

అందరూ భోజనానికి వెళ్లాక నేనొక్కణ్ణే క్యాబ్ ఎక్కాను. ఎడమది తెరిచాను. కింద గొట్టంలోంచి నీళ్లు కారి, కారి, ఆగిపోయాయి. అంటే ఇంజెక్టర్ పట్టుకుంది, పట్టుకోకపోతే నీళ్లని ఆ గొట్టంలోంచే బయటికి కక్కేస్తుంది. గ్లాసులో నీళ్లు పైకి పాకుతున్నాయి. పెద్ద స్పానర్ తీసి ఒక కొస ఇంజెక్టర్ మీద పెట్టి, రెండో కొస పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాను. పాత రోజుల్లో బేరింగ్ అరుగుతోందో లేదో అలాగే వినేవాళ్లం. పెదవి కాలింది. దవడలో ఏదో జివ్వుమంది. పాట మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి కొత్త బెల్ నేనే నొక్కి చూశాను. వేలి కింద అదురుతోంది. మా ఆవిడ లోపలినుంచి తలుపు తీసింది. "లోపలికి రాకుండా మీ ఇంటికి మీరే బెల్ కొట్టుకుంటున్నారేం?" అంది.

కుక్కర్ వాషర్ బాగానే ఉందన్నమాట. పాత బెల్లూ బాగానే ఉందన్నమాట. కోన్‌లు కూడా. బుద్ధి లేనిది నాకు.

బొగ్గు, పొగ, మోత, అన్నీ ఇన్నేళ్లు మోశాను కదా, ఒక్క సన్నటి శబ్దం తీసుకుపోయి నన్ను ఏడిపించాలా ఈ పని? ఎవరి మీద అరవాలో కూడా తెలీడం లేదు. చెవుల మీద అరిస్తే అవి వింటాయా?

చెవి పరీక్షలో తప్పితే నన్ను డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేట్ ఎక్కనివ్వరు. వాళ్ల పద్ధతి వాళ్లది, అందులో తప్పు కూడా లేదు. కానీ మొదటి పరుగు నాది. ఇన్ని నెలలు ఆ తుప్పు గీకింది దానికోసమే. ఒక్కసారి. ఒక్కసారి తోలి దిగిపోతాను. ఆ తర్వాత ఎవరికి కావాలో వాళ్లకు చెప్పుకుంటాను.

22వ తేదీ, శనివారం

ఇవాళ పాడింది.

అంటే, పాడిందని చెప్పాను. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి కుడి ఇంజెక్టర్ విప్పి, మళ్లీ బిగించాను. "కోన్‌లకి కాస్త సాన పట్టాను. ఇప్పుడు చూడండి" అన్నాను. స్టీమ్ పెట్టాం. నేను తల ఊపుతూ, "ఆహా" అన్నాను. గొడుగు ఆనందంతో గొడుగు కిందపడేశాడు. అంత ఆనందం ఎన్నడూ చూడలేదు. బావమరిదిని అడిగాను.

"పాడుతోంది బావా! అబ్బబ్బ, ఏం పాడుతోంది!" అన్నాడు.

డ్రైవరమ్మ నాకేసి చూసి మళ్లీ గ్లాసు కేసి చూసింది.

అల్లుడు చేసిన కోన్‌లో లోపం ఉందని, నేను సరిచేశానని ఊరంతా అయింది. నేనలా అనలేదు. కాదని కూడా అనలేదు.

24వ తేదీ, సోమవారం

అల్లుడు రోడ్డు మీద ఎదురయ్యాడు. "పాడుతోందట కదా మామయ్యా, సంతోషం" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. తిట్టరాదూ ఈ మనిషి!

చెవి పరీక్ష కాగితం ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇస్తానని గొడుగుకి చెప్పాను. ఇప్పుడు ఆయన నా మాట జవదాటడు.

27వ తేదీ, గురువారం

రాయాలని లేదు. రాస్తాను.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అనవసరంగా ఒక్క మాట మాట్లాడడు. బాయిలర్ అంతా తడిమి చూశాడు. సేఫ్టీ వాల్వు చూశాడు. అన్నీ బాగున్నాయి. క్యాబ్‌లో నేను, బావమరిది, వెనకాల ఆయన. కింద కమిటీ అంతా ఉంది. అమ్మాయి వాళ్లాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టుంది, ఇద్దరూ ఒక పక్కగా నిలబడ్డారు.

"కుడిది పెట్టండి" అన్నాడు.

పెట్టాను.

"పట్టుకుందా?"

"పట్టుకుంది సార్" అన్నాను. నిజమే, గ్లాసు కదిలింది. ఆయన తల ఊపాడు. నాకు ధైర్యం వచ్చింది. గ్లాసు వైపు చూడటం మానేసి ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. పాట వినేవాడు గ్లాసు చూడడు కదా, పాత డ్రైవర్ దర్జా అది.

కాసేపటికి ఆయన తల పక్కకు వంచాడు. "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడూ పాడుతోంది సార్. వినండి, ఎంత తియ్యగా ఉందో."

"తియ్యగా ఉంది సార్" అన్నాడు మా బావమరిది కూడా.

ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అంతలో అల్లుడు మెట్లెక్కి పైకొచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు ఏదో అరుస్తున్నాడు, నోరు కదలడం కనబడుతోంది. నన్ను పక్కకు తోసి, కుడి స్టీమ్ వాల్వు పట్టుకుని కట్టేశాడు. తర్వాత ఎడమది తెరిచాడు. అప్పుడు నా చెవి దగ్గరకొచ్చి చెప్పాడు.

"మామయ్యా, అది ఎప్పుడో వదిలేసింది. కింద గొట్టంలోంచి మరుగునీళ్లు, ఆవిరి కక్కుతోంది. జనం అరుస్తున్నారు."

గ్లాసు చూశాను. నీళ్లు అడుగుకి దిగిపోయి ఉన్నాయి. నిప్పు మీద మిగిలింది సన్నటి నీటి పొరే. ఎడమది పట్టుకుంది. మెల్లగా నీళ్లు పెరిగాయి.

ఇన్‌స్పెక్టర్ కోప్పడలేదు. "ఇందాక మీరేం విన్నారు?" అని అడిగాడు. నాకు వినబడేలా అడిగాడు.

కోన్‌లు, అని నాలుక చివరిదాకా వచ్చింది. సాన పట్టినా నిలబడలేదు సార్, చేసినవాడి పని అలాంటిది, అని. ఆ ఒక్క మాట అంటే చాలు. అందరూ నమ్ముతారు. అల్లుడు అక్కడే ఉన్నాడు. వాల్వు పట్టుకున్న చెయ్యి ఎర్రగా కందిపోయింది, దాన్ని గుడ్డతో చుట్టుకుంటున్నాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను ఏమన్నా ఎదురు చెప్పడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"ఏమీ వినలేదు సార్" అన్నాను. "నాకు వినబడదు. మొదటిరోజు నుంచీ వినబడలేదు. కోన్‌లలో ఏ లోపం లేదు, మా అల్లుడి పని వంక పెట్టడానికి లేదు. ఇంజెక్టర్లు రెండూ మొదటినుంచీ పాడుతూనే ఉన్నాయట. నేనే విప్పి, బిగించి, విప్పి, బిగించి కుడిదాని ప్రాణం తీశాను."

కింద నిశ్శబ్దం అయిపోయిందని అనుకుంటున్నాను. నాకు ఎలాగూ తేడా తెలీదు.

తర్వాత అల్లుడే విప్పి చూశాడు. నేను పదే పదే బిగించడంతో రాగి రింగు నలిగిపోయి, అక్కడ గాలి పీలుస్తోంది. అదే కారణం. కొత్త రింగు వేసుకోండి, ఎల్లుండి మళ్లీ చూస్తాను అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈయన మాత్రం ఫుట్‌ప్లేట్ మీద ఉండకూడదు" అని కూడా అన్నాడు. ఆ మాట చక్కగా వినబడింది.

28వ తేదీ, శుక్రవారం

బావమరిది ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుకోవడానికే అరగంట చేశాడు.

"బావా, ఒక సంగతి చెప్పాలి. కోప్పడకు. నాకూ వినబడటం లేదు."

"మరి మొదట్లో పాడటం లేదన్నావు?"

"నువ్వు మొహం అలా పెట్టావు కదా, పాడటం లేదేమో అనుకున్నా."

"శనివారం పాడుతోందన్నావు?"

"నువ్వు ఆహా అన్నావుగా!"

ఒరేయ్ దరిద్రుడా అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వాం. మా ఆవిడ వచ్చి "ఏంటి, ఏమైంది?" అని అడిగితే ఇద్దరం ఒకేసారి "ఆఁ?" అన్నాం. అప్పుడు తను కూడా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అల్లుడి షాపుకి నడిచి వెళ్లాను. నిన్న అన్నమాటే మళ్లీ అన్నాను, ఈసారి ఒక్కడికే. "మీరు చెప్పారు కదా మామయ్యా, చాలు" అన్నాడు. ఇరుసుల పని అతనికే ఇమ్మని గొడుగుకి చెప్పాను. ఆయన సరేనన్నాడు. అల్లుడు టీ తెప్పించాడు. తాగాను. ఇద్దరికీ మాటల్లేవు, అతనికి అలవాటే కాబట్టి ఇబ్బంది నాకే.

29వ తేదీ, శనివారం

రెండు ఇంజెక్టర్లూ పాసయ్యాయి. పెద్దమ్మ దిమ్మె ఎక్కదు. నేను షెడ్డు బయట బల్ల మీద కూర్చున్నాను.

31వ తేదీ, సోమవారం

చెవి డాక్టరమ్మ దగ్గరికి అమ్మాయి తీసుకెళ్లింది. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, "శబ్దం వినగానే నొక్కండి" అన్నారు. ముందు లావు శబ్దాలు వచ్చాయి, టకటకా నొక్కాను. ఏముంది ఇందులో అనుకున్నాను. తర్వాత ఏమీ రాలేదు. బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. మిషన్ ఆగిందేమో అనుకున్నాను.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. "సన్నవి ఎప్పుడు పెడతారమ్మా?" అని అడిగాను.

"అయిపోయిందండీ" అంది.

చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయట. అంత సన్నటి శబ్దం మాత్రం రాదట. పెట్టుకుంటానన్నాను. మాటలు వినబడితే తిట్టడానికైనా పనికొస్తాయి.

వచ్చే నెల 6వ తేదీ, ఆదివారం

ఇవాళ పెద్దమ్మ నడిచింది.

తోలింది డ్రైవరమ్మ. బొగ్గు వేసింది ఆమె తీసుకొచ్చిన మనిషెవరో. వారమంతా నాకు తెలిసింది ఆమె తలకెక్కించాను, సగం అరుపులే. రెగ్యులేటర్ పిడి మీద అరిగిన చోటే చెయ్యి పెట్టమన్నాను. "ఇక్కడా సార్?" అని పెట్టింది. సరిపోయింది. నాకు ఒళ్లు మండింది, కుళ్లు పుట్టింది, ఇంకేం పుట్టిందో తెలీదు. దిగొచ్చేశాను.

జనానికి దూరంగా, మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. పెద్దమ్మ వస్తోంది. దాని దబదబ నా అరికాళ్లకు తెలుస్తోంది, చెవులకు కూడా. అది నాకు బాగానే వినబడుతుంది. ఆ పైన ఉండాల్సింది లేదు.

"పాడుతోందా?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

అమ్మాయి నా కేసి చూసింది. తర్వాత నా చెవి దగ్గరకు జరిగి, గొంతు బాగా కిందికి దించి, మూలగడం మొదలుపెట్టింది. "మ్‌మ్‌మ్‌మ్..." అని. లావుగా, ఒకే వరసగా. ఆగకుండా.

"ఏంటే అది? గేదె మూలిగినట్టు!"

"అదే నాన్నా పాట. నీకు వినబడేలా కిందికి దించాను" అని, మళ్లీ ఎత్తుకుంది.

పెద్దమ్మ మా ముందు నుంచి వెళ్లింది. డ్రైవరమ్మ చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. నా మొహం ఎలా ఉందో నాకే తెలీదు, కంచె మాత్రం గట్టిగా పట్టుకున్నాను. అమ్మాయి మూలుగుతూనే ఉంది. ఊపిరి అయిపోతే గబుక్కున పీల్చుకుని మళ్లీ అందుకుంటోంది. కళ్లు ఇంజన్ మీదే ఉన్నాయి. గేటు పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఇలాగే చూసేదేమో, నాకెలా తెలుస్తుంది, నేను అటునుంచి వచ్చేవాణ్ణి కదా.

ఇంజన్ మలుపు దాటాక ఉన్నట్టుండి ఆపేసింది.

"ఏం, ఆగిపోయిందా?" అన్నాను కంగారుగా.

"ఆగింది నాన్నా."

చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. కింద గొట్టంలోంచి ఆవిరి రావడం లేదు, బండి నిదానంగా పోతోంది. గ్లాసు నిండి ఉంటుంది. ఆమే ఇంజెక్టర్ కట్టేసి ఉంటుంది.